చందవరం స్తూపానికి చంటివాడితో వెళ్తున్నారా?

దొనకొండ దగ్గరి చందవరం బౌద్ధ స్తూపానికి నడక నేర్చిన పిల్లల్ని తీసుకెళ్తుంటే చెప్పులు వద్దు, బూట్లు వేయండి. గుండ్లకమ్మ ఒడ్డున గుట్ట మీద శాతవాహనుల నాటి కట్టడం అది. నీడ తక్కువ, పల్లేరు కాయలు ఎక్కువ. మేం మావాడికి చెప్పులేసి తీసుకెళ్లి ముళ్లు తీయడంతోనే సగం పొద్దు గడిపాం.

ఒంగోలు నుంచైతే తెల్లారకముందే బయల్దేరండి. ఎండ ముదిరితే రాళ్లు కాలతాయి, పిల్లాడు ఎత్తుకోమంటాడు, ఇక మీరు చూసేదేమీ ఉండదు. మజ్జిగ సీసా, తడి తువ్వాలు చేతిలోనే ఉంచుకోండి.

స్తూపాన్ని కుడిచేతివైపు ఉంచుకుని ప్రదక్షిణ చేయిస్తే వాళ్లకు అదే ఆట. పైకి మాత్రం ఎక్కనివ్వొద్దు, ఇటుక ముక్కలు ఏరనివ్వొద్దు. అయినా ఇంటికొచ్చాక మావాడి జేబులో నాలుగు గులకరాళ్లు దొరికాయి!