పది తర్వాత ట్రేడ్ ఎంచుకునే ముందు వర్క్‌షాప్‌లో నిలబడి చూడండి

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే చాలు, మా వీధిలో వాళ్లు మార్కుల మెమో పట్టుకుని మా ఇంటికి వస్తారు. "మాస్టారూ, మావాణ్ణి ఐటీఐలో వేసేదా, పాలిటెక్నిక్‌లో వేసేదా?" అని అడుగుతారు. నేను విశాఖలో సింధియా వైపు కాంట్రాక్టర్ల దగ్గర పదహారేళ్లు ఫిట్టర్‌గా, అంటే యంత్ర భాగాలు అరగదీసి కూర్చి బిగించే పని, చేశాను. ఇప్పుడు గాజువాక దగ్గర ఒక ఐటీఐలో అదే ట్రేడ్ (ఒక్కో పని నేర్పే కోర్సుని ట్రేడ్ అంటాం) చెబుతున్నాను. మెమో చూడకముందే నేను అడిగేది ఒకటే: "పిల్లాడు ఎప్పుడైనా వర్క్‌షాప్ లోపలికి వెళ్లాడా?" ఇంచుమించు అందరూ లేదనే చెబుతారు.

అందుకే మొదటి పని అదే. కాలేజీ తెరిచి ఉన్న రోజు చూసుకుని, పిల్లాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లండి. కంచరపాలెంలో ప్రభుత్వ ఐటీఐ, ప్రభుత్వ పాలిటెక్నిక్ రెండూ ఉన్నాయి, ఒక పూటలో రెండూ చూసి రావచ్చు. ఆఫీసులో అనుమతి అడిగి, ఫిట్టింగ్ షాపులో కనీసం అరగంట ఉండండి.

అక్కడ ఏం కనిపిస్తుందో చెబుతాను. బెంచ్ వైస్‌లో ఇనుప ముక్క బిగించి, పిల్లలు ఆకురాయితో అరగదీస్తుంటారు. ఆకురాయి ముందుకు తోసేటప్పుడే కోస్తుంది, వెనక్కి లాగేటప్పుడు బరువు వేయకూడదు. ఈ ఒక్క సంగతి చేతికి పట్టడానికే కొందరికి వారం పడుతుంది. కాసేపు అరగదీశాక ముక్క మీద ట్రై స్క్వేర్ (మూలమట్టం) ఆనించి, కిటికీ వైపు ఎత్తి చూస్తారు. బ్లేడుకీ ముక్కకీ మధ్య సన్నని వెలుగు గీత కనిపిస్తే అక్కడ ఇంకా పల్లం ఉన్నట్టే. మళ్లీ వైస్‌లో బిగించాలి, మళ్లీ అరగదీయాలి. మా దగ్గర ఒక అమ్మాయి మధ్యాహ్నం బెల్ కొట్టినా కదలకుండా, "సార్, ఇంకొక్కసారి" అంటూ ఆ గీత పోయేదాకా అన్నానికి వెళ్లలేదు. ఆ ఓపిక మెమోలో కనపడదు. మీ పిల్లాడు అది చూసి "నేనూ ఒకసారి పట్టుకోవచ్చా" అన్నాడంటే నాకు సగం జవాబు దొరికినట్టే. గుమ్మం దగ్గరే నిలబడి ఫోన్ చూసుకుంటుంటే బలవంతం చేయకండి.

ఇక దారుల సంగతి. ఐటీఐలో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ రెండేళ్లు, వెల్డర్ ఏడాది. ప్రవేశ పరీక్ష లేదు, పదో తరగతి మార్కుల మెరిట్ మీదే సీటు. పాలిటెక్నిక్‌కి పాలిసెట్ రాయాలి. లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ మాత్రమే ఉంటాయి, అదీ పదో తరగతి స్థాయిలోనే. డిప్లొమా మూడేళ్లు, ఆ తర్వాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. లెక్కల్లో బలంగా ఉండి, పై చదువుల మీద ఆశ ఉన్న పిల్లలకి నేను పాలిటెక్నిక్కే చెబుతాను. ల్యాబ్ టెక్నీషియన్, నర్సింగ్ వంటి వైపు మనసుంటే ఇంటర్ ఒకేషనల్ గ్రూపులు కూడా అడగండి.

చాలామంది పట్టించుకోని లెక్క వయసుది. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం అప్రెంటిస్‌గా, అంటే సంస్థలో పని చేస్తూ నేర్చుకునే శిక్షణకి, చేరడానికి 14 ఏళ్లు నిండితే చాలు. కానీ ప్రమాదకర పరిశ్రమలకు సంబంధించిన ట్రేడ్లకి 18 నిండాలి. మన ఊళ్లో పెద్ద అవకాశాలన్నీ ఓడలు, ఉక్కు, ఆయిల్ చుట్టూనే కదా. పదిహేనేళ్లకు పది పాసై వెల్డర్‌లో చేరిన పిల్లాడు పదహారుకే సర్టిఫికెట్‌తో బయటికొస్తాడు. ఆ మధ్య రెండేళ్లు ఏం చేయాలన్నది ముందే ఆలోచించుకోండి. వెల్డింగ్ మీదే ఇష్టం ఉంటే, దానితోపాటు మరో ట్రేడ్ చేయించడం ఒక దారి. అప్రెంటిస్‌షిప్‌లో స్టైపెండ్ వస్తుంది, చివర పరీక్ష పాసైతే జాతీయ సర్టిఫికెట్ ఇస్తారు. అయితే శిక్షణ ఇచ్చిన సంస్థ ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిబంధన లేదు. ఈ మాట పిల్లలకి మొదటే చెప్పండి.

ఇప్పుడు నాకు బాగా కష్టం కలిగించిన విషయం. మా చెల్లెలి కొడుకు బస్టాపు దగ్గర బోర్డు చూసి ఒక ప్రైవేటు సంస్థలో చేరాడు. "మావయ్యా, ఎన్‌సీవీటీ (జాతీయ వృత్తి శిక్షణ మండలి) అనుబంధం ఉందట" అన్నాడు. నేనూ సరేనన్నాను. అనుబంధం ఉన్న మాట నిజమే, కానీ అది వేరే ట్రేడుకి. వీడు చేరిన ట్రేడుకి లేదు. అప్రెంటిస్ దరఖాస్తు పెట్టే రోజున గానీ సంగతి బయటపడలేదు. ఫీజు పోయింది, చదివిన చదువు లెక్కలోకి రాలేదు. కాగితాలు ముందే చూడనందుకు నా మనసు ఇప్పటికీ చివుక్కుమంటుంది. అనుబంధం సంస్థ మొత్తానికి కాదు, ఒక్కో ట్రేడుకి విడివిడిగా ఇస్తారు. కాబట్టి "మీ ఐటీఐకి గుర్తింపు ఉందా" అని అడగకండి. "ఈ ట్రేడుకి అనుబంధం ఇచ్చిన ఉత్తర్వు చూపించండి" అని అడగండి. చూపించడానికి సందేహిస్తే డబ్బు కట్టకుండా లేచి వచ్చేయండి. అనుమానంగా ఉంటే ప్రభుత్వ ఐటీఐకి వెళ్లి అడిగినా చెబుతారు.

పేర్ల విషయం కూడా ఈ వేసవిలోనే చూసుకోండి. మెమోలో ఇనిషియల్, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు ఉంటే తర్వాత ప్రతి దరఖాస్తులోనూ టెన్షనే. పుట్టిన తేదీ కూడా రెండింటిలో ఒకటేనా చూడండి. కంటి పరీక్ష కూడా చేయించండి, ముఖ్యంగా రంగులు గుర్తుపట్టేది. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకి పదితోపాటు ఐటీఐ ఉంటే దరఖాస్తు చేయవచ్చు, కానీ రంగులు తేడా తెలియకపోతే మెడికల్‌లో ఆపేస్తారు. చదువంతా అయ్యాక ఆ మాట వినడం చాలా బాధ.

వర్క్‌షాప్ చూడ్డానికి వెళ్లే రోజు చెప్పులు వద్దు, బూట్లు వేయించండి. కింద ఇనుప రజను ఉంటుంది. అమ్మాయిలైతే జడ పైకి ముడి వేసుకుని, చున్నీ ఇంట్లో పెట్టి రమ్మనండి, లేత్ తిరుగుతుంటుంది. ఉదయం పది గంటలు దాటాక వెళ్తే మిషన్లు నడుస్తూ ఉంటాయి. గేటు దగ్గరికి చేరినా ఏ చప్పుడూ వినపడకపోతే, వాచ్‌మన్‌ని ప్రాక్టికల్స్ ఏ రోజు జరుగుతాయో కనుక్కుని ఆ రోజే మళ్లీ వెళ్లండి.