కాలేజీ చూడ్డానికి వెళ్లే ముందు, వెళ్లాక

సెలవుల్లో వెళ్తే భవనాలే కనిపిస్తాయి, కాలేజీ కనిపించదు. క్లాసులు నడిచే మామూలు రోజునే వెళ్లండి. పరీక్షల వారం వద్దు, మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. రెండు వారాల ముందే అడ్మిషన్ల ఆఫీసుకు ఫోన్ చేసి క్యాంపస్ చూపించే సమయం, క్లాసులో కూర్చునే వీలు, హాస్టల్ గది చూసే అనుమతి మూడూ అడిగేయండి. చెప్పకుండా వెళ్తే హాస్టల్ గేటు దగ్గరే ఆపేయొచ్చు.

వెంట తిప్పేవాళ్లు సాధారణంగా బాగున్నవే చూపిస్తారు. అందుకే ఆ తర్వాత ఇంకో రెండు గంటలు మీకోసం ఉంచుకోండి, అసలు సంగతి అప్పుడే తెలుస్తుంది. మీరు చేరాలనుకునే డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌కి వెళ్లి ఒక్కో పరికరం చుట్టూ ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. ఇద్దరు ముగ్గురైతే అందరి చేతికీ పని దొరుకుతుంది. ఎనిమిది మందైతే ఒకరు చేస్తుంటే మిగతావాళ్లు రీడింగులు రాసుకుంటారు. కవరు తీయని యంత్రం మీద వేలితో గీస్తే దుమ్ములో గీత పడిందంటే, దాన్ని చివరిసారి ఎప్పుడు వాడారో అడగండి.

విద్యార్థుల్ని "కాలేజీ బాగుందా?" అంటే "బాగుంది" అనే అంటారు. "పోయిన వారం ఎన్ని క్లాసులు పోయాయి?", "డౌట్ వస్తే సార్ ఎక్కడ దొరుకుతారు?" అని అడగండి, జవాబు వేరేగా వస్తుంది. మెస్‌లో ఒక పూట తినండి.

ఫీజు మొత్తం ఒక్క అంకెగా చెబితే ఒప్పుకోకండి. ట్యూషన్, హాస్టల్, మెస్, పరీక్ష ఫీజు, తిరిగి ఇచ్చే డిపాజిట్ విడివిడిగా రాయించుకోండి.

రెండు మూడు కాలేజీలు చూస్తే అన్నీ కలగాపులగమవుతాయి. ప్రతిచోటా మొదటి ఫొటో గేటు మీది బోర్డుదే తీసి, ఆ సాయంత్రమే నోట్సు రాసుకోండి.