మిథైల్ గుర్తులు ఎలా నిలుస్తాయో కాగితం మీద గీసి చూడండి

డీఎన్ఏలోని సి అక్షరానికి అతుక్కునే చిన్న రసాయన గుంపే మిథైల్ గుర్తు, దాన్ని పెట్టే ఎంజైమ్‌లు డీఎన్ఎంటీలు. "డీఎన్ఎంటీ1 పాత గుర్తుల్ని నిలబెడుతుంది, డీఎన్ఎంటీ3 కొత్తవి పెడుతుంది" అని బట్టీ కొట్టి పరీక్ష అవ్వగానే మర్చిపోయిన బాపతు నేను. గీసుకున్నాకే బుర్రకెక్కింది.

పై వరసలో డీఎన్ఏ అక్షరాలు ఏ-సి-జి-టి అని, దాని కింద జతగా టి-జి-సి-ఏ అని రాయండి. కింది వరసను కుడి నుంచి ఎడమకు చదివితే మళ్లీ ఏ-సి-జి-టి వస్తుంది చూడండి. అంటే పైన సి-జి ఉన్నచోట కిందా సి-జి ఉంటుంది. కిటుకంతా ఇదే. రెండు సిల మీదా చుక్క పెట్టండి, అదే మిథైల్ గుర్తు.

ఇప్పుడు రెండు పోగుల్నీ విడదీసి, ఒక్కోదానికి కొత్త జత రాయండి, కానీ కొత్త పోగు మీద చుక్క వద్దు, ఎందుకంటే నకలు తీసే పాలిమరేజ్‌కి అక్షరాలే తెలుసు, చుక్కలతో దానికి పనిలేదు. పాత పోగు మీదే చుక్క మిగిలిన జంటలు రెండు వచ్చాయి కదా?

డీఎన్ఎంటీ1 నేరుగా వచ్చి వాటిని సరిచేస్తుందని నేనూ అనుకునేవాణ్ని. ముందు వచ్చేది యూహెచ్ఆర్ఎఫ్1 అనే ప్రోటీన్. చుక్క ఉన్న పాత సైటోసిన్‌ను (అదే మన సి) డీఎన్ఏ మెలికలోంచి బయటికి తిప్పి తన గుంటలో ఇరికించుకుని, పక్కనున్న హిస్టోన్ హెచ్3కి (డీఎన్ఏ చుట్టుకుని ఉండే ప్రోటీన్లలో ఒకటి) యూబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌ను తగిలిస్తుంది. దాన్ని పట్టుకుని డీఎన్ఎంటీ1 దిగుతుంది, ఎస్-అడినోసిల్ మిథియోనిన్ అనే అణువు నుంచి మిథైల్ తీసుకుని కొత్త సైటోసిన్ 5వ కార్బన్‌కి అతికిస్తుంది. ఆ చుక్క మీరూ పెట్టేయండి. 1975లోనే శాస్త్రవేత్తలు రిగ్స్ ఒకవైపు, హాలిడే, ప్యూ మరోవైపు ఇలాంటి ఎంజైమ్ ఉండాలని ఊహించారు!

ఆ చివరి చుక్క పెట్టకుండా నకళ్లు తీస్తూ పోండి: గుర్తున్న పోగులు సగం, పావు, ఆ తర్వాత ఎనిమిదో వంతు. ఎవరూ చెరపకుండానే పోయాయి. డెసిటబిన్ అనే క్యాన్సర్ మందు చేసేదీ దాదాపు ఇదే, డీఎన్ఏలో దూరి డీఎన్ఎంటీ1ని అక్కడే అతుక్కుపోయేలా చేస్తుంది.

అయితే కణంలో వ్యవహారం మన బొమ్మంత నీట్‌గా ఉండదు. డీఎన్ఎంటీ1 వదిలేసినవి కొన్ని డీఎన్ఎంటీ3ఏ, 3బీ పూరిస్తాయి, టెట్ ఎంజైమ్‌లు కొన్నిటిని ఆక్సీకరించి తొలగింపుకు దారి వేస్తాయి.

ఇంకొకటి చేయండి. సి-ఏ రాసి సి మీద చుక్క పెట్టండి. కింద జి-టి, అక్కడ చుక్క పెట్టడానికి సియే లేదు, కాబట్టి నకలు తీస్తే ఒక జంటలో ఆనవాలే మిగలదు. ఇలాంటి సి-ఏ గుర్తులు విభజన ఆగిపోయిన నాడీకణాల్లో బాగా కనిపిస్తాయి, వాటిని పెట్టేది డీఎన్ఎంటీ3ఏ.