కొత్త బ్యాటరీ కొనే ముందు ఛార్జింగ్ ఒకసారి చూసుకోండి

పొద్దున్నే సెల్ఫ్ కొడితే టక్ టక్‌మని ఆగిపోతుంది, మెకానిక్ వచ్చి "అన్నా, బ్యాటరీ పోయింది, మార్చెయ్" అంటాడు, వేలకు వేలు పెట్టి కొత్తది వేయిస్తాం, రెండు నెలలకు మళ్లీ అదే కథ. రెండోసారి కూడా బ్యాటరీనే తిట్టుకుంటున్నారంటే ఆగండి. దాన్ని నింపాల్సిన ఆల్టర్నేటర్‌లోనో, ఆ ఆల్టర్నేటర్‌ని అదుపులో పెట్టే రెగ్యులేటర్‌లోనో తేడా ఉండొచ్చు. దీన్ని పట్టుకోవడానికి కొన్ని వందల రూపాయల డిజిటల్ మల్టీమీటర్, ఓ పావుగంట టైమ్ చాలు.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే మీటరు మీద అంకెలు వాటంతట అవే అర్థమవుతాయి. మెకానిక్‌లు డైనమో అని పిలిచే ఆల్టర్నేటర్‌ని ఇంజన్ బెల్టు తిప్పుతుంది. లోపల తిరిగే రోటర్ ఒక కాయిల్. కార్బన్ బ్రష్‌ల ద్వారా దానికి కొద్దిగా కరెంటు ఇస్తేనే అది అయస్కాంతం అవుతుంది, అప్పుడే చుట్టూ కదలకుండా ఉన్న తీగచుట్టల్లో, అంటే స్టేటర్‌లో, కరెంటు పుడుతుంది, దాన్ని డయోడ్లు ఏసీ నుంచి డీసీకి మారుస్తాయి. చిక్కేమిటంటే ఇంజన్ ఒకే స్పీడులో తిరగదు, ఐడిల్‌లో 800 ఆర్‌పీఎం ఉంటే హైవే ఎక్కాక 3000 కూడా దాటుతుంది, దాంతోపాటు వోల్టేజీ కూడా పెరుగుతూ పోతే బల్బులు, ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్ అయిన ఈసీయూ అన్నీ మాడిపోతాయి. అందుకే రెగ్యులేటర్ వోల్టేజీని చూస్తూ, ఎక్కువైతే రోటర్‌కి వెళ్లే ఆ కొద్ది కరెంటునే తగ్గిస్తుంది, తక్కువైతే పెంచుతుంది, సెకనుకి ఎన్నోసార్లు. కాకతీయ కాలువ తూము దగ్గర నీళ్లు చూసుకునే లస్కర్ షట్టర్ ఎత్తుతూ దించుతూ నీటిమట్టం నిలబెట్టినట్టే ఇదీ.

నిలబెట్టాల్సిన మట్టం దాదాపు 14 వోల్టులు. బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి, ఒక్కోటి 2.1 వోల్టులు, అంటే నిండుగా ఉండి రాత్రంతా కదలకుండా ఉన్న బ్యాటరీ 12.6 లేదా 12.7 చూపిస్తుంది. దానిలోకి కరెంటు ఎక్కాలంటే బయట అంతకంటే ఎక్కువ ఉండాలి, మరీ ఎక్కువైతే లోపలి నీళ్లు గ్యాస్ అయి ఎగిరిపోతాయి. ఇక్కడ మన ఎండల సంగతి చెప్పుకోవాలి. వేడిలో బ్యాటరీ తక్కువ వోల్టేజీకే గ్యాస్ వదలడం మొదలుపెడుతుంది కాబట్టి చాలా రెగ్యులేటర్లు వేడెక్కే కొద్దీ వోల్టేజీ తగ్గిస్తాయి, చలిలో పెంచుతాయి. మే నెలలో రామగుండంలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, బానెట్ కింద ఇంకా ఎక్కువ, అలాంటి మధ్యాహ్నం 13.6 చూపించిందని కంగారు పడకండి. అదే కారు జనవరి పొద్దున 14.6 చూపించొచ్చు. రెండూ సరైనవే.

ఇక మీటరు. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి, ఎర్ర వైరు 10 ఆంప్స్ రంధ్రంలో లేదని ఒకటికి రెండుసార్లు చూసుకోండి, అందులో ఉంచి బ్యాటరీ మీద పెడితే నేరుగా షార్టే. రాత్రంతా ఆగి ఉన్న బండికి పొద్దున్నే ఎర్ర కొన బ్యాటరీ ప్లస్‌కి, నల్ల కొన మైనస్‌కి పెట్టి చూడండి: 12.6 ఉంటే నిండు, 12.2 అంటే సగం, 12కి దిగితే దాదాపు ఖాళీ. బండి దిగిన వెంటనే చూస్తే దొంగ అంకె కనిపిస్తుంది. తర్వాత ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమని మీటరు చూడండి, నిండుగా ఉన్న బ్యాటరీ కూడా 9.6 కిందికి పడిపోతుంటే అప్పుడు బ్యాటరీని అనుమానించండి.

ఇంజన్ స్టార్ట్ అయ్యాక, మరీ ఎండా మరీ చలీ కాని రోజున, 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. అసలు పరీక్ష దీని తర్వాతే. హెడ్‌లైట్లు హై బీమ్, బ్లోయర్ ఫుల్, ఏసీ అన్నీ వేసి యాక్సిలరేటర్ నెమ్మదిగా 2000 ఆర్‌పీఎం దాకా తొక్కండి. లోడ్ పడగానే అంకె కాస్త కిందికి దిగి మళ్లీ 13.5 పైన నిలబడితే రెగ్యులేటర్ తన పని తాను చేస్తున్నట్టే. రేస్ చేసే కొద్దీ అంకె కూడా ఎక్కుతూ 15 దాటుతోందంటే అదుపు తప్పింది, ఇలాంటి బండిలో హెడ్‌లైట్ బల్బులు ఊరికే మాడిపోతుంటాయి, బానెట్ ఎత్తితే కుళ్లిన కోడిగుడ్ల వాసన వస్తుంది, దాన్ని నడపకుండా నేరుగా చూపించండి. లోడ్ వేయగానే 12.4, 12.3 అంటూ దిగుతూనే ఉంటే ఛార్జింగే లేదు. అప్పుడు బెల్టు లూజుందా, బ్రష్‌లు అరిగాయా, వైరు ఊడిందా చూడాలి.

ఆల్టర్నేటర్ మార్చమంటే వెంటనే ఒప్పుకోకండి. ఇంజన్ తిరుగుతూ లైట్లు వెలుగుతుండగా మీటరు ఒక కొన ఆల్టర్నేటర్ బాడీకి, ఇంకో కొన బ్యాటరీ మైనస్‌కి పెట్టండి, 0.2 వోల్టుల కంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ వైరు సరిగ్గా లేదు. టెర్మినల్స్ మీద తెల్లటి, పచ్చటి పొడి పేరుకుపోయి ఆల్టర్నేటర్‌కి నింద పడటం నిజంగా చాలా మామూలు. ఇంజన్ ఆపి, మైనస్ ముందు విప్పి, వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, పూర్తిగా ఆరాక మైనస్‌ని చివర్లో బిగించండి. మీటరుని ఏసీ వోల్టుల మీద పెట్టి బ్యాటరీ దగ్గర చూసినప్పుడు అర వోల్టు దాటితే డయోడ్ పోయి ఉండొచ్చు. రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోవడానికి అదీ ఒక కారణమే.

చాలా కొత్త కార్లలో లెక్క వేరు. ఎంత వోల్టేజీ ఇవ్వాలో ఈసీయూ నిర్ణయిస్తుంది, మైనస్ టెర్మినల్ మీద సెన్సర్ ఉంటుంది, డీజిలో పెట్రోలో ఆదా చేయడానికి మామూలుగా వెళ్తున్నప్పుడు 12.8కి తగ్గించి, బ్రేక్ వేసినప్పుడు 14.8కి కూడా లేపుతుంది. 12.8 చూసి ఆల్టర్నేటర్ మార్పించుకున్నవాళ్లు ఉన్నారు, పాపం. హెడ్‌లైట్లు వేసి చూస్తే చాలా కార్లలో అంకె నిలకడగా ఉంటుంది. ఆ సెన్సర్ ఉంది కాబట్టి, ఇంకో బండి బ్యాటరీతో జంప్ స్టార్ట్ చేసేటప్పుడు నల్ల క్లిప్పు మీ బండి మైనస్ టెర్మినల్‌కి కాకుండా ఇంజన్ మెటల్‌కి పెట్టండి.

ఇంజన్ తిరుగుతుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి "బండి ఆగలేదు కదా, డైనమో బాగానే ఉంది" అనే పాత పద్ధతి మాత్రం ఎవరు చేయబోయినా ఆపండి. కరెంటు పోయే దారి ఒక్కసారిగా తెగితే వోల్టేజీ క్షణంలో పదుల వోల్టులు ఎగురుతుంది, ఈసీయూ ధర బ్యాటరీ ధరకు ఎన్నో రెట్లు.

అన్నీ సరిగ్గా ఉన్నా బ్యాటరీ దిగుతోందంటే మీ తిరుగుడు చూసుకోండి. రోజూ హన్మకొండ నుంచి కాజీపేట దాకా, ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో ఆగుతూ పోతే సెల్ఫ్ తాగిన కరెంటు తిరిగి రావడం కష్టం, ఐడిల్‌లో ఆల్టర్నేటర్ పూర్తి శక్తి ఇవ్వదు. వారానికోసారి ములుగు రోడ్డు మీద రామప్ప దాకా వెళ్లిరండి, గుడి చూసినట్టూ ఉంటుంది. పూర్తిగా చచ్చిన బ్యాటరీని మాత్రం ఆల్టర్నేటర్ మీద వదిలేయకుండా షాపులో స్లో ఛార్జింగ్ పెట్టించండి, 45 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీ కెపాసిటీ) బ్యాటరీకి నాలుగైదు ఆంప్స్ చాలు.

రెగ్యులేటర్, బ్రష్‌లు చాలా మోడళ్లలో ఒకే ముక్కగా విడిగా దొరుకుతాయి, మొత్తం ఆల్టర్నేటర్ కొనక్కర్లేదు, ఆటోనగర్‌లో అడిగి చూడండి. పనయ్యాక డబ్బులిచ్చే ముందు అక్కడే లైట్లన్నీ వేయించి, రేస్ చేయించి, మీటరు మీరే పట్టుకుని చూడండి.