పెరటి తోట – రెండవ పాఠం: మన్ను తెలుసుకోవడం, మడి కట్టడం

పెరట్లో రోజుకు కనీసం ఆరు గంటలు ఎండ పడే చోటును గుర్తించి, నాలుగు మూలలా పుల్లలు పాతి ఉంచమని మొదటి పాఠంలో చెప్పుకొన్నాం. ఆ పని పూర్తయిందనుకొని ఈ పాఠం మొదలుపెడుతున్నాను. ఉత్సాహం కొద్దీ విత్తనాల పొట్లాలు ముందే కొన్నవారు వాటిని ఇంకొన్నాళ్లు తేమ తగలకుండా దాచిపెట్టండి. ఈ పాఠంలో గింజ ప్రస్తావన లేదు. మృగశిర కార్తె నాటికి, అంటే జూన్ రెండవ వారానికి, మడి సిద్ధంగా ఉండాలంటే మే మూడవ వారంలోనే పార పట్టాలి.

మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో కొత్తగా తోట వేసేవారికి మొదటి శత్రువు పురుగు కాదు, నిలిచిన నీరు. జూన్‌లో మొదలైన వానలకు ఎలాగో నిలదొక్కుకున్న మొక్క అక్టోబరులో తుపానుకు చిక్కుతుంది. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్‌ను విజయనగరం వారు, 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీని శ్రీకాకుళం వారు మరచిపోయి ఉండరు. గాలికి కూలిన ఆనప పందిరిని మళ్లీ నిలబెట్టుకోవచ్చు గాని, మడిలో రెండు మూడు రోజులు నీరు నిలిస్తే వేర్లకు గాలి అందక వంగ, టమాటా, మిరప మొక్కలు పచ్చగా ఉండగానే వాడిపోతాయి. అందుకే ఎరువు గురించి ఆలోచించే ముందు, ఆ చోట నీరు ఎంతసేపట్లో ఇంకుతుందో చూడాలి.

గునపంతో అడుగు లోతు, అడుగు వెడల్పు ఉన్న గుంత తీసి నిండా నీరు పోయండి. అది పూర్తిగా ఇంకాక మళ్లీ నింపి, ఈసారి గడియారం చూడండి. నాలుగైదు గంటల్లో, కొంచెం అటూ ఇటూగా, గుంత ఖాళీ అయితే నేల మంచిదే. మర్నాటికి కూడా అడుగున నీరు కనిపిస్తే బంక పాలు ఎక్కువని అర్థం. పది నిమిషాల్లోనే ఖాళీ అయితే అది ఇసుక నేల.

మట్టిలో ఏ పాలు ఎంత ఉందో కంటితో చూడాలనుకొనేవారు గాజు సీసాలో మూడోవంతు మట్టి, మిగతా నీరు పోసి, గట్టిగా కుదిపి కదపకుండా ఉంచాలి. ఇసుక ఒకటి రెండు నిమిషాల్లోనే అడుగుకు చేరుతుంది. సన్నటి ఒండ్రు దానిపైన గంటల తరబడి పేరుకొంటుంది. బంకమట్టి తేరుకోవడానికి ఒక రోజు, ఒక్కొక్కప్పుడు అంతకన్నా ఎక్కువ పడుతుంది. పిల్లలున్న ఇంట్లో ఈ పని వారికి అప్పగిస్తే సీసాను కదపకుండా ఉంచడం ఒక్కటే కష్టం.

చీపురుపల్లి, గజపతినగరం వైపు ఎక్కువగా కనిపించే ఎర్ర నేలల్లో నీరు బాగానే ఇంకుతుంది గాని, వాన వెలిసి ఎండ కాయగానే పైపొర గట్టి పెచ్చు కట్టి మొలకను పైకి రానివ్వదు. ఇలాంటి చోట, బంక నేలలో మరీ ముఖ్యంగా, మడిని చుట్టుపక్కల నేలకన్నా అర అడుగు ఎత్తు చేసి, చుట్టూ కాలువ తీసి, ఆ కాలువను పల్లం వైపుకు కలపాలి. కళింగపట్నం, బారువ వంటి తీర గ్రామాల ఇసుకలో మాత్రం ఇదే సలహా పాటిస్తే నష్టపోతారు, ఎందుకంటే అక్కడి ఎత్తు మడి రెండు రోజుల్లోనే ఎండిపోతుంది. వారు మడిని నేలకన్నా నాలుగు వేళ్లు లోతుగా ఉంచి, ఎండిన చెరువు మట్టిని నాలుగైదు తట్టలు కలుపుకొంటే తేమ నిలుస్తుంది.

మొదటి ఏడాదికి పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు ఉన్న మడులు రెండు చాలు. వెడల్పు అంతకు మించితే రెండు వైపుల నుంచీ చెయ్యి నడిమికి అందదు, అప్పుడు మడిలోకి దిగి, గుల్ల చేసిన మన్నును మనమే తొక్కి గట్టిపరుస్తాం. అడుగు లోతు తవ్వి, రాళ్లు, తుంగ గడ్డలు ఏరివేసి, ఒక్కొక్క మడికి పదిహేను నుంచి ఇరవై కిలోల మాగిన గెత్తం (పశువుల పేడ ఎరువు), అర కిలో వేప పిండి కలపాలి.

మాగిన గెత్తం అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. నేను తోట మొదలుపెట్టిన ఏడాది తొందరపడి, పొరుగు శాల నుంచి నెల రోజుల పేడ తెచ్చి వేశాను. ఆ వేడికి తోటకూర మొలకలు మాడిపోగా, మిగిలిన వాటిని చెదలు పట్టాయి, పేడతో వచ్చిన గడ్డి గింజలు మాత్రం ఏపుగా పెరిగాయి. బాగా మాగినది నల్లగా, పొడిపొడిగా ఉంటుంది. పిడికిట్లో పట్టి వాసన చూస్తే పేడ కంపు రాదు, తొలకరి మట్టి వాసన వస్తుంది. కొబ్బరి తోటలున్న ఉద్దానం వైపు వారు గెత్తాన్ని వేసేముందు తిరగవేసి చూడాలి. బొటనవేలంత లావు తెల్లని పురుగులు వంకర తిరిగి కనిపిస్తే అవి కొబ్బరి మొవ్వను తొలిచే కొమ్ము పురుగు పిల్లలు కావచ్చు, కాబట్టి ఏరి చంపెయ్యాలి.

మడి సిద్ధమయ్యాక రోజూ పలుచగా నీరు చల్లుతూ పది పన్నెండు రోజులు ఖాళీగా వదిలెయ్యండి. మన్నులో నిద్రపోతున్న కలుపు గింజలు అప్పుడు ఒక్కసారిగా మొలుస్తాయి. వాటిని రెండు ఆకులప్పుడే చేత్తో లాగెయ్యాలే తప్ప మడిని మళ్లీ తవ్వకూడదు, తవ్వితే అడుగునున్న గింజలు పైకి వస్తాయి. ఆ శుభ్రమైన మడిలో బెండ, గోంగూర, తోటకూర గింజలను ఎంత లోతున, ఎంత ఎడంగా వెయ్యాలో మూడవ పాఠంలో చూద్దాం.