ఎదిగిన పిల్లలతో థీమ్ పార్క్‌కి వెళ్తున్నారా, రైడ్లంటే వికారమా? ఇలా ప్లాన్ చేసుకోండి

ముందు రోజే పార్క్ మ్యాప్ ఫోన్లో తీసి ఎవరికి ఏ రైడ్ కావాలో తేల్చేసుకోండి, వాళ్ళు పెద్దవాళ్ళే కదా, రోజంతా అందరూ కలిసే తిరగక్కర్లేదు, లంచ్‌కి ఎక్కడ కలవాలో అనుకుంటే చాలు.

వికారం ఎందుకంటే లోపలి చెవి ఒకటి చెప్తుంది, కళ్ళు ఇంకోటి చెప్తాయి, మెదడుకి ఆ రెండూ పొంతన కుదరదు. అందుకే గుండ్రంగా తిప్పేవీ, స్క్రీన్ ముందు కుర్చీ ఊపే 3డి సిమ్యులేటర్లూ చాలామందికి పడవు, వాటిని మొహమాటం లేకుండా వదిలేయండి. సిమ్యులేటర్ మధ్యలో కడుపులో తిప్పడం మొదలైతే కళ్ళు మూసుకుని తల సీటుకి ఆనించి కదపకుండా ఉండండి.

వికారం రాకుండా వేసుకునే మెక్లిజిన్ లాంటి మాత్ర అయితే గంట ముందే వేసుకోవాలి, వికారం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచెయ్యదు. నిద్ర వస్తుంది కాబట్టి ఆరోజు డ్రైవింగ్ పిల్లలకే ఇచ్చేయండి, గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు), ప్రోస్టేట్ సమస్యలున్నా వేరే మందులు వాడుతున్నా మాత్రం డాక్టర్ని అడిగాకే. ఖాళీ కడుపుతో వెళ్ళొద్దు, నూనె వస్తువులూ వద్దు, తేలిగ్గా ఏదైనా తినండి.

ఒక రైడ్ దిగగానే ఇంకోటి ఎక్కకండి, తల తేలికపడేదాకా నీడలో కూర్చోండి. "ఏం కాదమ్మా, ఒక్కసారి ఎక్కు" అని పిల్లలు చెయ్యి పట్టుకుని లాగుతారు, "మీరెళ్ళి రండి, బ్యాగులు నేను చూసుకుంటా" అనేయండి, నిజంగా ఏమీ అనుకోరు.