కెపాసిటర్ మీటర్‌లో బాగానే ఉంది, బోర్డు మాత్రం ఆన్ కావడం లేదు

మల్టీమీటర్ తప్పు చూపిస్తోందని ఎవరైనా అంటే నేను ముందు తెర మీద అంకె చూడను, ఎర్ర ప్రోబ్ ఏ సాకెట్‌లో ఉందో చూస్తాను. కరెంట్ కొలిచాక 10 ఆంపియర్ల సాకెట్‌లోనే మరిచిపోయిన ప్రోబ్‌తో వోల్టేజ్ చూడబోతే, మీటర్ ఒట్టి వైర్ ముక్కలా ఆ రెండు పాయింట్లను షార్ట్ చేసేస్తుంది. తర్వాత ప్రోబ్ వైర్లు. కంటిన్యుటీలో (దారి కలిసి ఉంటే బీప్ కొట్టే సెట్టింగ్) పెట్టి రెండు కొనలూ తాకించి, పిడి దగ్గర వైర్‌ను అటూ ఇటూ వంచండి. బీప్ తెగి తెగి వస్తే ఇంతవరకు రాసుకున్న రీడింగులన్నీ కొట్టేయండి. చివరగా మీటర్‌లో బ్యాటరీ. అది దిగిపోతే చవక మీటర్లు చాలావరకు ఉన్నదానికన్నా ఎక్కువ వోల్టేజ్ చూపిస్తాయి. ఐదు వోల్టుల లైన్‌లో ఆరు కనిపించిందని మంచి రెగ్యులేటర్‌ను పీకేసినవాళ్లను చూశాను. మొత్తం కలిపి అర నిమిషం పని. అయినా ఎవరూ చేయరు.

కెపాసిటర్‌ను డిశ్చార్జ్ చేశాకే మీటర్ పెట్టాలని మీకు తెలుసు. ఒక్క మాట మాత్రం చెప్తాను: 230 వోల్టుల ఏసీ రెక్టిఫై అయ్యాక, అంటే డీసీగా మారాక, పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా ఉంటుంది. రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, డీసీ వోల్టేజ్‌లో పెట్టి సున్నా దగ్గరికి వచ్చిందని చూశాకే చెయ్యి పెట్టండి.

సమస్య: ఎక్కడా కలపని వైర్‌లో 60, 80 వోల్టులు చూపిస్తోంది

డిజిటల్ మీటర్ ఇన్‌పుట్ రెసిస్టెన్స్ సాధారణంగా 10 మెగా ఓమ్‌లు. పక్కనే వెళ్లే లైవ్ వైర్ నుంచి గాలిలోంచి అంటుకున్న కాస్త వోల్టేజ్ కూడా దానికి కనిపిస్తుంది. అదే రెండు పాయింట్ల మధ్య ఒక బల్బు కలిపి మళ్లీ కొలవండి. రీడింగ్ కూలిపోతే అది ఉత్త నీడ. నిలబడితే నిజమైన సప్లై, జాగ్రత్త.

సమస్య: బోర్డు మీద కెపాసిటర్ విలువ అర్థంలేకుండా వస్తోంది

పక్కన సమాంతరంగా ఉన్నవన్నీ కలిపి కొలుస్తున్నారు. ఒక కాలు లేపండి. ఇంతకు మించి చెప్పడానికేమీ లేదు. పెద్ద కెపాసిటర్‌కు కంటిన్యుటీలో క్షణంసేపు బీప్ వచ్చి ఆగితే అది చార్జ్ అవుతోందని అర్థం, షార్ట్ కాదు. ఆగకుండా మోగితే అప్పుడు షార్ట్.

సమస్య: మైక్రోఫరాడ్లు సరిగ్గానే ఉన్నాయి, సప్లై మాత్రం లేవడం లేదు

నన్ను ఏడిపించింది ఇదే. రిపేరుకు వచ్చిన ఒక పవర్ సప్లై బోర్డులో ఫ్యూజ్ బాగుంది, పెద్ద కెపాసిటర్ మీద 320 వోల్టులు ఉన్నాయి, అవుట్‌పుట్ లేదు. కంట్రోల్ ఐసీ పక్కనున్న 47 మైక్రోఫరాడ్ల చిన్న కెపాసిటర్‌ను విప్పి కొలిస్తే 43 చూపించింది. ఇలాంటివాటికి 20 శాతం అటూ ఇటూ మామూలే కాబట్టి బాగుందని తిరిగి పెట్టేశాను. ఐసీ మార్చాను. మాస్‌ఫెట్ మార్చాను. ఆప్టోకప్లర్ కూడా మార్చాను. చివరికి విసుగొచ్చి హెయిర్ డ్రయ్యర్‌తో ఆ మూలను వేడి చేస్తే సప్లై ఠక్కున లేచింది. చల్లారాక మళ్లీ మొండికేసింది. దోషి ఆ 47 మైక్రోఫరాడ్లదే.

మీటర్ అబద్ధం చెప్పలేదు, నేను అడిగిన ప్రశ్నే తప్పు. లోపల ఎలక్ట్రోలైట్ ఎండేకొద్దీ కెపాసిటర్ లోపలి రెసిస్టెన్స్, అంటే ఈఎస్ఆర్, పెరుగుతుంది. మీటర్ చాలా చిన్న కరెంట్‌తో నిదానంగా కొలుస్తుంది కాబట్టి కొన్ని ఓమ్‌ల తేడా దాని కంట పడదు. సర్క్యూట్‌లో అలా కాదు, సెకనుకు వేలసార్లు కరెంట్ తన్నుకొస్తుంది. అవుట్‌పుట్ ఫిల్టర్ కెపాసిటర్‌లో 3 ఓమ్‌లు పెరిగి, 2 ఆంపియర్ల రిపుల్ (డీసీ మీద ఊగే అల) వచ్చిందనుకోండి, 6 వోల్టులు దాని మీదే ఊగుతాయి. వేడికి ఎలక్ట్రోలైట్ కాస్త చురుకై ఈఎస్ఆర్ తగ్గుతుంది, డ్రయ్యర్ మహిమ అదే. తల ఉబ్బిందా అని చూసి వదిలేయకండి. చిన్నవాటి తల మీద ఉబ్బడానికి వీలిచ్చే గాట్లు ఉండవు, లోపల పోయినా పైకి కొత్తవాటిలాగే ఉంటాయి. హీట్‌సింక్‌ను ఆనుకుని ఉన్నదాన్ని ముందుగా అనుమానించండి.

ఈఎస్ఆర్ మీటర్ లేకపోయినా వోల్టేజ్ చూసి పట్టుకోవచ్చు. కంట్రోల్ ఐసీ యూసీ3842 అయితే 7వ పిన్ వీసీసీ (ఐసీకి సప్లై అందే పిన్), 5వది గ్రౌండ్. ఇది 16 వోల్టుల దగ్గర మొదలై 10 దగ్గర ఆగిపోతుంది. అంకె ఆ రెంటి మధ్య ఎక్కుతూ దిగుతూ ఉంటే ఐసీ లేవాలని చూసి పడిపోతోందన్నమాట. 3843 అయితే ఆ అంకెలు 8.4, 7.6. నల్ల ప్రోబ్ పెద్ద కెపాసిటర్ మైనస్ కాలి మీద ఉండాలి. అవుట్‌పుట్ గ్రౌండ్ మీద పెడితే వచ్చే అంకెకు అర్థమే ఉండదు. ఇది మెయిన్స్ వైపు కాబట్టి ప్రోబ్ క్లిప్‌తో ముందే తగిలించి, ఆ తర్వాతే ప్లగ్ పెట్టండి.

అవుట్‌పుట్ డయోడ్ షార్ట్ అయినా అంకె ఇలాగే ఊగుతుంది, కాబట్టి ముందు దాన్ని చూడండి. అది బాగుంటే ప్లగ్ తీసి, డిశ్చార్జ్ చేసి, అదే విలువ, అంతే లేదా ఎక్కువ వోల్టేజ్ రేటింగ్ ఉన్న కొత్త కెపాసిటర్‌ను బోర్డు వెనుక అవే రెండు పాయింట్లకు సమాంతరంగా అతికించండి. ప్లస్, మైనస్ చూసుకోండి. సప్లై లేస్తే దొరికినట్టే. పాతది పీకి, 105 డిగ్రీలు తట్టుకునే, ఈఎస్ఆర్ తక్కువున్న (లో-ఈఎస్ఆర్) రకం వేయండి.

రిపుల్ కొలుద్దామని మీటర్‌ను ఏసీలో పెట్టేవాళ్లకు: కొన్ని చవక మీటర్లు డీసీని ఆపవు, 12 వోల్టుల డీసీనే 26 ఏసీగా చూపించి భయపెడతాయి. ప్రోబ్‌లు తిప్పి పెట్టి చూడండి, సున్నా వస్తే మీ మీటర్ ఆ రకమే. ట్రాన్స్‌ఫార్మర్ సప్లైల్లో 100 హెర్ట్జ్ రిపుల్ మామూలు మీటర్‌కు అందుతుంది. స్విచింగ్ సప్లై (సెకనుకు వేలసార్లు ఆన్, ఆఫ్ అయ్యే రకం) రిపుల్ దాని వేగానికి అందదు, అక్కడ ఏసీ రీడింగ్ నమ్మొద్దు.

మిగతావి

ఫ్యాన్ మెల్లగా తిరుగుతోందా? 2.5 అని రాసి ఉన్న కెపాసిటర్ 1.6 చూపిస్తే మార్చేయండి, అక్కడ మైక్రోఫరాడ్ల లెక్కే చాలు. రాసిన విలువకన్నా చాలా ఎక్కువ చూపిస్తే లీకేజీ, అదీ మార్చాల్సిందే. సిరామిక్ కెపాసిటర్‌లో పగులు, బోర్డు లోపలి పొరల్లో తెగిన లైన్ లాంటివి ఉండవని కాదు గానీ, పైవన్నీ అయ్యేదాకా వాటి జోలికి వెళ్లకండి.